ఆల్-ఇన్-వన్ కంప్యూటర్‌ను రిపేరుకు విప్పడం, మళ్లీ మూయడం: వరుసగా ఏం చేయాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు సేవా కేంద్రాల్లో, క్లినిక్కుల్లో, ఫొటో స్టూడియోల్లో ఆల్-ఇన్-వన్ కంప్యూటర్లు (స్క్రీన్ వెనకే భాగాలన్నీ ఉండేవి) రిపేరుకు వస్తే లోపం చాలాసార్లు చిన్నదే. ర్యామ్ కదిలి ఉంటుంది, హార్డ్ డిస్క్ అరిగిపోయి ఉంటుంది, లేదా ఫ్యాన్ నిండా దుమ్ము ఉంటుంది. అసలు నష్టం తెరిచేటప్పుడు జరుగుతుంది: ప్యానెల్ (బొమ్మ వచ్చే స్క్రీన్ పలక) అంచు పగులుతుంది, రిబ్బన్ (చదునైన సన్న కేబుల్) కనెక్టరు మూత విరుగుతుంది, పవర్ బటన్ వైరు తెగుతుంది. ఆ ముక్క ఊళ్లో దొరకదు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చేదాకా మిషన్ బల్ల మీదే పడి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో రిపేరు కన్నా తెరవడం, మూయడం గురించే ఎక్కువ ఉంది.

## 1. ముందు బయటి నుంచి తేల్చుకోండి

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఈ ఐదు పరీక్షలు చేయండి. కొన్ని మిషన్లు ఇక్కడే బాగైపోతాయి.

అసలు ఆన్ కాకపోతే. ప్లగ్ తీయండి. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వేలిముద్ర మిషన్ అన్నీ పీకేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. ఇప్పుడు అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. కరెంటు వస్తూ పోతూ ఉన్న రోజుల్లో, ఉరుములు ఉరిమిన మర్నాడు వచ్చే "డెడ్" మిషన్లలో కొన్ని దీనితోనే లేస్తాయి.

అడాప్టర్. మల్టీమీటర్‌తో కొలవండి. హెచ్‌పీ, డెల్ మిషన్లలో మామూలుగా 19.5 వోల్టులు, లెనోవోలో చాలావాటికి 20 వోల్టులు. అయితే లోడు లేనప్పుడు వోల్టులు సరిగ్గా చూపించి, లోడు పడగానే కూలిపోయే అడాప్టర్లు ఉంటాయి. అదే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ వాట్లున్న మంచి అడాప్టర్‌తో సరిచూడండి. డెల్, హెచ్‌పీ అడాప్టర్లలో మధ్య పిన్ను అడాప్టర్‌ను గుర్తుపట్టడానికి ఉంటుంది. అది వంగినా విరిగినా మిషన్ ఆన్ అవుతుంది కానీ నత్తనడక నడుస్తుంది. దాన్ని ప్రాసెసర్ జబ్బు అనుకుని విప్పేవాళ్లు ఉన్నారు.

స్క్రీన్ నల్లగా ఉండి ఫ్యాన్ తిరుగుతుంటే. గదిలో దీపం ఆర్పి, టార్చి వెలుగు స్క్రీన్ మీద ఏటవాలుగా కొట్టండి. మసకగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్‌కు సిగ్నల్ వస్తోందని, పోయింది బ్యాక్‌లైట్ (ప్యానెల్ వెనక వెలిగే లైటు) అని అర్థం.

బయటి మానిటర్. హెచ్‌డీఎంఐ అవుట్ పోర్టుకు టీవీ తగిలించి చూడండి. టీవీలో బొమ్మ వస్తే మదర్‌బోర్డు, ర్యామ్ క్షేమం. పోర్టు పక్కన రాసింది మాత్రం చదవండి. కొన్ని ఆల్-ఇన్-వన్‌లలో ఉన్నది ఇన్ పోర్టు. దానికి టీవీ పెట్టి "బోర్డు పోయింది" అని తీర్పు చెప్పకండి.

లైట్లు, బీప్‌లు. డెల్‌లో పవర్ లైటు కాషాయ రంగులో 2 సార్లు, తెలుపులో 3 సార్లు మెరిస్తే ర్యామ్ దొరకడం లేదని. 3 కాషాయం, 1 తెలుపు అయితే సీమాస్ బ్యాటరీ (తేదీ, సెట్టింగులు నిలిపే నాణెం లాంటి బ్యాటరీ) పోయిందని. మెరుపుల్ని వీడియో తీసుకుని లెక్కపెట్టండి, కంటితో చూస్తే లెక్క తప్పుతుంది.

వారంటీ ఇంకా ఉంటే ఇక్కడితో ఆపి సర్వీస్ సెంటర్‌కు పంపడమే మేలు.

## 2. ఇది ఎటునుంచి తెరుచుకునే మిషన్?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ఓపెనర్ గుచ్చకూడదు.

వెనక కవర్ ఊడేవి ఒక రకం. హెచ్‌పీ, డెల్, లెనోవో, ఏసర్, ఏసుస్ మిషన్లలో ఎక్కువ ఇవే. స్టాండు, కొన్ని స్క్రూలు తీశాక వెనక ప్లాస్టిక్ కవర్ క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది.

ముందు నుంచి తెరవాల్సినవి రెండో రకం. యాపిల్ కంపెనీ ఐమాక్‌లు, 2009 నుంచి వచ్చినవన్నీ ఇంతే. 2009 నుంచి 2011 వరకు వచ్చినవాటిలో ముందు గ్లాసును అయస్కాంతాలు పట్టుకుంటాయి. 2012 చివర్లో మొదలైన సన్న అంచు మోడళ్లలో డిస్‌ప్లేని జిగురు పట్టీలతో అతికించారు. వీటి పని 9వ భాగంలో.

కింద లేబుల్ మీద పూర్తి మోడల్ నంబరు ఉంటుంది. "పెవిలియన్ 24" అంటే చాలదు, దాని తర్వాత వచ్చే అక్షరాలు, అంకెలు కూడా కావాలి. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో సర్వీస్ మాన్యువల్ వెతకండి. హెచ్‌పీ, డెల్, లెనోవో చాలా మోడళ్లకు ఉచితంగా పెడతాయి. ఏ స్క్రూ ఎక్కడుందో, క్లిప్పులు ఏ అంచు నుంచి ఊడతాయో బొమ్మలతో ఉంటుంది. దాన్ని ముందే ఫోన్‌లోకి దించుకోండి. మధ్యలో నెట్ పోతే కవర్ సగం ఊడిన మిషన్ ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

## 3. సామాన్లు, బల్ల

- ఫిలిప్స్ స్క్రూడ్రైవర్లు: పీహెచ్0, పీహెచ్1, పీహెచ్2. చివర అయస్కాంతం ఉంటే మంచిది.
- ఐమాక్‌కు టీ8, టీ10 టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్లు.
- మొబైల్ రిపేరు వాళ్లు వాడే ప్లాస్టిక్ ఓపెనర్లు రెండు, గిటార్ పిక్కులు నాలుగైదు. గడువు తీరిన ఏటీఎం కార్డులు కూడా పనికొస్తాయి.
- చివర మొద్దుగా ఉన్న ట్వీజర్.
- 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (షాపుల్లో ఐపీఏ అంటేనే ఇస్తారు), మెత్తని బ్రష్, పీచు రాలని గుడ్డ.
- థర్మల్ పేస్ట్, సీఆర్2032 బ్యాటరీ ఒకటి.
- మాస్కింగ్ టేపు, స్కెచ్ పెన్ను, ఖాళీ గుడ్ల ట్రే.
- యాంటీ స్టాటిక్ రిస్ట్ స్ట్రాప్.

ఇనుప స్క్రూడ్రైవర్‌తో, కూరగాయల కత్తితో కవర్ తెరవకండి. ఒక్కసారి జారితే ప్యానెల్ పక్కనున్న సన్న పట్టీ తెగుతుంది.

బల్ల మిషన్ కన్నా అడుగు పెద్దదిగా ఉండాలి. స్క్రీన్ కిందికి వచ్చేలా పడుకోబెట్టాలి కాబట్టి ఉతికిన మెత్తని దుప్పటిని రెండు మడతలు వేసి పరవండి. పరిచాక అరచేత్తో మొత్తం తడమండి. దుప్పటి కింద మిగిలిన ఒక్క స్క్రూ చాలు, ప్యానెల్ మీద చుక్క పడడానికి.

స్టాటిక్ (ఒంటి మీద పేరుకుని చిప్పులను పాడుచేసే విద్యుత్తు) సంగతి కాలాన్ని బట్టి ఉంటుంది. వానాకాలంలో గాలిలో చెమ్మ వల్ల బెడద తక్కువ. కోరాపుట్, రాయగడ కొండ ఊళ్లలో డిసెంబరు, జనవరి పొడి చలిలో ఉన్ని స్వెట్టర్ వేసుకుని బోర్డు పట్టుకోకండి. స్ట్రాప్ క్లిప్పును మిషన్ లోపలి రంగు లేని ఇనుప భాగానికి తగిలించండి. స్ట్రాప్ లేకపోతే ప్రతి భాగాన్నీ తాకే ముందు ఆ ఇనుమును ముట్టుకోండి.

పరీక్షలకు వాడే ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉత్తదే. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు 230 వోల్టులు, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉంటే సరే. స్టాండు ముట్టుకుంటే జిల్లుమంటోందని కస్టమర్ చెబితే ముందు వాళ్లింటి ఎర్తింగే అనుమానించండి.

## 4. డేటా, ఒప్పందం, కరెంటు

మిషన్ లేస్తుంటే ముందు బ్యాకప్. సేవా కేంద్రం మిషన్ అయితే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మర్చిపోకండి, దరఖాస్తుల పీడీఎఫ్‌లన్నీ అక్కడే ఉంటాయి.

విండోస్ 10, 11 ఉన్న మిషన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేకుండా డేటా చదవడానికి రాకుండా, ఉండవచ్చు. బోర్డు మార్చినా, బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు చెరిగినా విండోస్‌లో ఈ తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మామూలుగా కస్టమర్ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కస్టమర్‌కు ఖాతా పాస్‌వర్డు గుర్తుందో లేదో విప్పకముందే తేలాలి. విప్పాక "సార్, మీ ఈమెయిల్ ఏది" అని ఫోన్ చేస్తే, ఎవరో కుర్రాడు పెట్టిన ఈమెయిల్ అని జవాబు వస్తుంది.

స్క్రీన్ ఆన్ చేసి, తెల్ల పేజీ పెట్టి, కస్టమర్ ఎదురుగానే ఫొటో తీయండి. ముందునుంచీ ఉన్న గీత, మచ్చ, మూల పగులు అందులో పడాలి. "నేను ఇచ్చినప్పుడు లేదు బాబూ" అనే మాటకు అదొక్కటే సమాధానం.

తర్వాత ఈ వరస:

1. షట్‌డౌన్ చేయండి, స్లీప్ కాదు.
2. అడాప్టర్ లేదా పవర్ కార్డు తీయండి.
3. యూఎస్‌బీలు, డిజిటల్ సంతకం టోకెన్, మెమరీ కార్డు, లాన్ వైరు తీయండి. స్లాటులో మిగిలిన మెమరీ కార్డు కవర్ ఊడేటప్పుడు విరుగుతుంది, స్లాటును కూడా లాక్కుపోతుంది.
4. డీవీడీ ట్రేలో డిస్కు ఉంటే తీసేయండి.
5. పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి.
6. పైకి లేచే వెబ్‌క్యామ్ ఉంటే లోపలికి నొక్కి ఉంచండి.

అడాప్టర్ బయట లేకుండా నేరుగా పవర్ కార్డు గుచ్చే మిషన్లలో పవర్ సప్లై లోపలే ఉంటుంది. కార్డు తీశాక కూడా దాని పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఆ సప్లై బోర్డు మీద వేలు పెట్టకండి. పాడైతే మొత్తంగా మార్చండి.

## 5. స్టాండు, దాగిన స్క్రూలు

మిషన్‌ను దుప్పటి మీద స్క్రీన్ కిందికి పెట్టండి. పెట్టేటప్పుడు రెండు వైపుల చట్రాన్ని పట్టుకోండి, స్క్రీన్ మధ్యలో వేళ్లు ఆనించవద్దు.

స్టాండు మెడ దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే దాన్ని ఓపెనర్‌తో లేపండి. కింద రెండు నుంచి నాలుగు పెద్ద స్క్రూలు ఉంటాయి. ఇవి గట్టిగా బిగించి ఉంటాయి, పీహెచ్2తోనే తీయాలి. చిన్న బిట్‌తో తిప్పితే తల అరిగిపోతుంది.

స్టాండు తీశాక కవర్ అంతా టార్చితో చూడండి. స్క్రూలు దాక్కునే చోట్లు ఇవి:

- రబ్బరు కాళ్ల కింద, చిన్న గుండ్రటి స్టిక్కర్ల కింద
- స్టాండు మూత కిందే
- పోర్టుల వరసకు పైన లేదా పక్కన
- డీవీడీ డ్రైవును పట్టి ఉంచే ఒక్క స్క్రూ

డీవీడీ డ్రైవు ఉంటే ముందు దాన్ని బయటికి లాగేయండి. అది ఉండగా కవర్ లేపితే డ్రైవు ముందు పట్టీ విరుగుతుంది. ఏ స్క్రూ ఎక్కడిదో గుడ్ల ట్రే గుంటల్లో వేసి, పక్కన టేపు మీద రాయండి. పొడుగు స్క్రూను పొట్టి దాని చోట బిగిస్తే అది అవతలికి పొడుచుకు వచ్చి ప్యానెల్‌ను వెనక నుంచి నొక్కుతుంది. ముందు వైపు తెల్ల మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

## 6. వెనక కవర్ ఊడదీయడం

తొందరపడితే ఎక్కువ నష్టం ఇక్కడే. పది నిమిషాలు పట్టినా పర్వాలేదు.

ముందు సందు వెతకండి. పోర్టుల దగ్గర, కింది అంచున, మూలల్లో ఎక్కడో ఒకచోట గోరు దూరేంత ఖాళీ ఉంటుంది. ఓపెనర్‌ను అక్కడ 3 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే దూర్చండి. లోతుగా పోతే తగిలేది ప్యానెల్ అంచు.

ఓపెనర్ మొనను కవర్ వైపు, అంటే బయటి వైపు తిప్పండి. స్క్రీన్ వైపు మీట వేయకండి. "టక్" అని మొదటి క్లిప్పు ఊడాక అక్కడొక గిటార్ పిక్కు వదిలేసి తర్వాతి క్లిప్పుకు వెళ్లండి. పిక్కు లేకపోతే ముందుకు వెళ్తుండగా వెనకది మళ్లీ మూసుకుంటుంది.

ఒకవైపు పూర్తిగా ఊడి, రెండో వైపు బిగుసుకుని ఉంటే బలం పెంచకండి. అక్కడ తీయని స్క్రూ ఉందని అర్థం. తొంభై పాళ్లు అదే. ఆగి, టార్చితో మళ్లీ వెతకండి.

ఎండాకాలంలో ప్లాస్టిక్ మెత్తగా వస్తుంది. చలి ఉదయాల్లో పాత కవర్ల క్లిప్పులు పెళుసుగా విరుగుతాయి. మిషన్‌ను గదిలో కాసేపు ఉంచి మొదలుపెట్టండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టాల్సివస్తే తక్కువ వేడిలో, చేతికి గోరువెచ్చగా అనిపించేంత వరకే.

అన్ని క్లిప్పులూ ఊడాక కవర్‌ను ఒక్కసారిగా లేపకండి. నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తి, లోపలికి టార్చి కొట్టండి. కవర్‌కూ బోర్డుకూ మధ్య వైర్లు ఉండొచ్చు: స్పీకర్లు, పవర్ బటన్, పక్క యూఎస్‌బీ బోర్డు, వైఫై యాంటెనాలు. అవి ఊడదీశాకే కవర్ పక్కన పెట్టాలి.

## 7. కేబుళ్లు: ఏ రకాన్ని ఎలా తీయాలి

తీసే ముందు పైనుంచి ఒకటి, ప్రతి కనెక్టరుకూ దగ్గర నుంచి ఒకటి ఫొటో తీయండి. వైర్లు ఏ కొక్కెం కింద నుంచి వెళ్తున్నాయో కూడా అందులో పడాలి. కొక్కెం తప్పించి పరిచిన వైరు తర్వాత ఫ్యాన్ రెక్కలకు తగులుతుంది, లేదా కవర్ కింద నలుగుతుంది.

సీమాస్ బ్యాటరీ చేతికి అందేలా ఉంటే ముందు దాన్నే తీయడం మంచి అలవాటు. తేదీ, బయోస్ సెట్టింగులు పోతాయని గుర్తుంచుకోండి. 3 వోల్టుల బ్యాటరీ 2.7 కన్నా తక్కువ చూపిస్తే కొత్తది వేసేయండి.

వైర్ల గుత్తి ఉన్న ప్లగ్గు (ఫ్యాన్, స్పీకర్): వైర్లు పట్టి లాగకూడదు. ప్లగ్గు చెవులను రెండు గోళ్లతో ఇటూ అటూ కొద్దికొద్దిగా జరిపి తీయండి.

లేచే మూత ఉన్న రిబ్బన్: నల్లటి లేదా గోధుమ రంగు సన్న మూతను ఓపెనర్ మొనతో నిలువుగా లేపండి. అప్పుడు రిబ్బన్ దానంతటదే వదులవుతుంది. మూత రిబ్బన్ దూరే వైపు ఉందా, దానికి ఎదురు వైపు ఉందా అన్నది ముందు చూడండి. ఎదురు వైపు లేచే మూతను ఇటు నుంచి లాగితే చెవి విరుగుతుంది. విరిగిన మూతకు మందు లేదు, కనెక్టరునే మార్చాలి, దానికి హాట్ ఎయిర్ (వేడిగాలితో టంకం కరిగించే మిషన్) కావాలి.

జారే తాళం ఉన్న రిబ్బన్: రెండు చివర్లనూ సమానంగా ఒక మిల్లీమీటరు బయటికి జరపండి. ఒక్క వైపే లాగకండి.

డిస్‌ప్లే కేబుల్: దీన్ని అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాలి. పైన టేపు ఉంటుంది, లాగడానికి చిన్న నాలుక ఉంటుంది, కొన్నిటికి ఇనుప తీగ తాళం ఉంటుంది. తాళం ఎత్తి, బోర్డుకు సమాంతరంగా సూటిగా లాగండి. పైకి ఎత్తి పీకితే పిన్నులు వంగుతాయి. మిషన్‌కు కరెంటు ఉండగా ఈ కేబుల్‌ను తీసినా పెట్టినా బ్యాక్‌లైట్ ఫ్యూజు పోవచ్చు. పరీక్షల మధ్యలో "ఒక్క నిమిషమే కదా" అని అడాప్టర్ ఉంచేసి కేబుల్ కదపడం వల్ల పోయిన బోర్డులు ఎన్నో.

వైఫై యాంటెనా బొత్తాలు: ట్వీజర్‌తో నిలువుగా పైకి ఎత్తండి. మళ్లీ పెట్టేటప్పుడు సరిగ్గా మధ్యలో నిలబెట్టి వేలితో నొక్కాలి. ఈ రకం బొత్తాలు సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే తయారైనవి. ఊరికే తీస్తూ పెడుతూ ఉండకండి.

## 8. భాగాలు తీసే వరస

రిపేరుకు అవసరమైనంత వరకే తీయండి. డిస్కు మార్చడానికి వచ్చిన మిషన్‌లో హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగేసే లోహపు భాగం) ముట్టుకోనక్కర్లేదు.

డిస్కు. పాత ఆల్-ఇన్-వన్‌లలో 2.5 అంగుళాల హార్డ్ డిస్కు ఉంటే సాటా ఎస్ఎస్‌డీ అదే చోట సరిపోతుంది. డిస్కును పట్టే చట్రాన్ని, దాని రబ్బరు బుష్షులను పాత దాని నుంచి కొత్తదానికి మార్చండి. ఎం.2 ఎస్ఎస్‌డీని స్క్రూ తీయగానే అది ఏటవాలుగా లేస్తుంది, అదే కోణంలో లాగండి. కొత్త ఎం.2 కొనే ముందు బోర్డు సాటాకా, ఎన్‌వీఎంఈకా (డిస్కును బోర్డుకు కలిపే రెండు పద్ధతులు) అన్నది మాన్యువల్‌లో చూడండి. రెండూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ర్యామ్. ల్యాప్‌టాప్ రకం ర్యామే ఎక్కువ. పక్క కొక్కేలను బయటికి నొక్కితే లేస్తుంది. డీడీఆర్3ఎల్ 204 పిన్నులు, 1.35 వోల్టులు. డీడీఆర్4 260 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5 262 పిన్నులు, 1.1 వోల్టులు. గాటు చోటు వేరు కాబట్టి ఒకటి ఇంకొకదానిలో దూరదు. దూరడం లేదంటే తప్పు ర్యామ్ తెచ్చుకున్నారని అర్థం.

ఫ్యాన్, హీట్‌సింక్. హీట్‌సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అంకెలు ఉంటే వాటి వరస పాటించండి. లేకపోతే ఎదురెదురు మూలలు, ఒక్కోటి సగం చుట్టు చొప్పున వదులు చేయండి. పేస్ట్ ఎండిపోయి అంటుకుంటే పైకి లాగకుండా కొద్దిగా అటూ ఇటూ తిప్పండి.

పాత పేస్ట్‌ను ఐపీఏతో తుడవండి. కొత్త పేస్ట్ ప్రాసెసర్ నడుమ బియ్యపు గింజంత చాలు. పక్కన చిప్పుల మీద మెత్తని థర్మల్ ప్యాడ్లు ఉంటే వాటిని పారేసి పేస్ట్ పూయకండి. ప్యాడ్ నింపే ఖాళీని పేస్ట్ నింపలేదు. చిరిగితే అదే మందం ప్యాడ్ వేయాలి.

మదర్‌బోర్డు. అన్ని కేబుళ్లూ, ఫ్యాను, వైఫై తీశాకే స్క్రూల వంతు. పోర్టుల వైపు ఇనుప పట్టీ అడ్డొస్తుంది కాబట్టి అవతలి అంచును ముందు లేపి, ఏటవాలుగా బయటికి లాగండి. ఎక్కడైనా పట్టేస్తే మీరు మర్చిపోయిన రిబ్బన్ ఒకటి బోర్డు కింది వైపు ఉందన్నమాట.

ప్యానెల్. దాని వెనక స్టిక్కర్ మీద పూర్తి నంబరు ఉంటుంది. స్టిక్కర్‌ను ఫొటో తీసి షాపుకు పంపండి. "24 అంగుళాల హెచ్‌పీ స్క్రీన్" అని అడిగితే ఏదో ఒకటి ఇస్తారు, కనెక్టరు చోటు కలవదు. ప్యానెల్‌ను రెండు పక్క అంచులతో పట్టుకోండి. ఒక పొడుగు అంచున సన్నని వంపు పట్టీలు, వాటికి అంటిన సన్న బోర్డు ఉంటాయి. ఆ అంచు మీద బరువు పడితే నిలువు గీతలు వస్తాయి. టచ్ స్క్రీన్ మోడళ్లలో గ్లాసు, ప్యానెల్ కలిపి అతికించి ఉంటే విడదీసే ప్రయత్నం చేయకండి, రెండూ కలిపి మార్చాలి.

## 9. ఐమాక్ అయితే

27 అంగుళాల ఐమాక్‌లో ర్యామ్ ఒక్కటే మార్చాలంటే డిస్‌ప్లే తెరవనక్కర్లేదు. పవర్ కార్డు గుచ్చే చోట చిన్న బటన్ నొక్కితే వెనక ర్యామ్ తలుపు తెరుచుకుంటుంది. 2012 చివరి నుంచి 2020 వరకు వచ్చిన 27 అంగుళాల మోడళ్లకు ఇది వర్తిస్తుంది.

మిగతా పనులకు జిగురు కోయాలి. దీనికి చక్రం ఉన్న ప్లాస్టిక్ పనిముట్టు వస్తుంది, లోతుగా దిగకుండా అదే ఆపుతుంది. ముందు నుంచి చూస్తే ఎడమ వైపు, పవర్ బటన్ దగ్గర మొదలుపెట్టి పైకి, అక్కడ నుంచి పై అంచు మీదుగా, కుడి వైపు కిందికి రండి. పై అంచు మధ్యలో కెమెరా ఉంది, అక్కడ మెల్లగా. కింది అంచును కోయకూడదు.

డిస్‌ప్లేను పై నుంచి కొద్దిగా మాత్రమే ముందుకు వంచండి. రెండు కేబుళ్లు పొట్టిగా ఉంటాయి: ఒకటి పవర్, ఇంకొకటి సిగ్నల్. అవి తీశాక కింది జిగురు ఒలిచి డిస్‌ప్లే పక్కన పెట్టండి. ఒక్కరే చేయవద్దు, పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి.

కొత్త జిగురు పట్టీలు చేతిలోకి వచ్చాకే తెరవండి. పాత జిగురు మళ్లీ అంటదు. డబుల్ సైడ్ టేపుతో అతికించిన డిస్‌ప్లే ఎండాకాలంలో ఊడి బల్ల మీద పడుతుంది.

2009-2011 మోడళ్లకు రెండు సక్షన్ కప్పులతో ముందు గ్లాసు ఎత్తి, టీ10 బిట్‌తో డిస్‌ప్లే స్క్రూలు తీయాలి. గ్లాసు లోపలి వైపు వేలిముద్ర పడకుండా చూడండి. మూసేశాక కనబడుతుంది, అప్పుడు మళ్లీ విప్పాలి.

## 10. శుభ్రం: ఎర్ర దుమ్ము, చెమ్మ, పురుగులు

కోరాపుట్, రాయగడ వైపు ఎర్రమట్టి దుమ్ము సన్నగా ఉండి హీట్‌సింక్ రేకుల మధ్య అట్ట కడుతుంది. ఫ్యాన్ విప్పి, రేకుల లోపలి వైపు నుంచి బ్లోవర్ కొట్టండి. ఫ్యాన్ మీద కొట్టేటప్పుడు దాని రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలికి వేగంగా తిరిగి బేరింగు పాడవుతుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌ను బోర్డు దగ్గరికి తేకండి, దాని గొట్టం స్టాటిక్ పుట్టిస్తుంది.

బరంపురం, గోపాలపురం వైపు ఉప్పుగాలి వల్ల ర్యామ్ అంచులు, యూఎస్‌బీ పోర్టులు నల్లబడతాయి, బోర్డు మీద ఆకుపచ్చ, తెల్ల పొడి తేలుతుంది. మెత్తని బ్రష్‌ను ఐపీఏలో ముంచి రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ర్యామ్ అంచును తెల్ల రబ్బరుతో రుద్దడం అందరూ చేసేదే. రుద్దితే ఆ పొడిని ఐపీఏతో తుడిచేయండి, స్లాటులోకి పోనివ్వకండి.

బల్లి, బొద్దింక, చీమల పుట్ట కనిపిస్తే చచ్చినవాటిని ట్వీజర్‌తో తీసి, వాటి మరకను కూడా ఐపీఏతో కడగండి. ఆ తడి మరక ఎండాక కూడా రెండు పిన్నులను కలిపేస్తుంది.

నీళ్లు పడిన మిషన్‌ను బియ్యం బస్తాలో పెట్టడం పనికిరాదు. అన్నీ విప్పి, ఐపీఏతో కడిగి, ఫ్యాన్ గాలిలో కనీసం ఒక రోజు ఆరబెట్టాలి. ప్యానెల్‌ను ఎండలో పెట్టకండి.

## 11. మూసే ముందు పరీక్ష, తర్వాత మూత

క్లిప్పులు మూయకుండానే మిషన్ నడిపి చూడాలి. కేబుళ్లన్నీ పెట్టి, మిషన్‌ను జాగ్రత్తగా నిలబెట్టి, రెండో మనిషి పట్టుకుంటే అడాప్టర్ పెట్టండి. ఐమాక్ అయితే కేబుళ్లు తగిలించి, డిస్‌ప్లేను మాస్కింగ్ టేపుతో తాత్కాలికంగా నిలపండి.

చూడాల్సినవి:

- బయోస్‌లో ర్యామ్ పూర్తి సైజు, డిస్కు పేరు కనిపిస్తున్నాయా. తేదీ, సమయం సరిచేశారా
- ఫ్యాన్ తిరుగుతోందా, ఏదైనా వైరు తగులుతోందా
- వైఫై సిగ్నల్ మూడు మీటర్ల దూరంలోనూ నిండుగా ఉందా
- కెమెరా, మైకు, రెండు స్పీకర్లు, టచ్
- ప్రతి యూఎస్‌బీ పోర్టు
- తెల్ల, నల్ల పేజీల మీద స్క్రీన్ మచ్చలు

పదిహేను నిమిషాలు వీడియో నడిపి, వేడి ఎక్కువైతే ఆపి హీట్‌సింక్ మళ్లీ చూడండి.

అంతా బాగుంటే అడాప్టర్ తీసి, పవర్ బటన్ నొక్కి, మిషన్‌ను మళ్లీ పడుకోబెట్టండి. వైర్లను వాటి కొక్కేల్లో పెట్టండి. కవర్‌ను పోర్టుల వైపు ముందు కూర్చోబెట్టి, అక్కడి నుంచి అరచేత్తో చుట్టూ నొక్కుతూ రండి. "టక్" వినిపించని చోట లోపల వైరు ఉంది. బలంగా నొక్కే ముందు ఆ చోటు మళ్లీ లేపి చూడండి. ఆ తర్వాత స్క్రూలు, డీవీడీ డ్రైవు, చివర్న స్టాండు.

## 12. మూశాక వచ్చే గొడవలు, వాటికి మందు

ఆన్ కావడం లేదు, లైటు కూడా లేదు. పవర్ బటన్ రిబ్బన్ సగం దూరి ఉంటుంది. మూత తెరిచి, రిబ్బన్‌ను చివరిదాకా నెట్టి, మూత నొక్కండి. రిబ్బన్ మీద తెల్ల గీత కనెక్టరుకు సమాంతరంగా ఉండాలి, ఏటవాలుగా కాదు.

ఫ్యాన్ తిరుగుతుంది, బొమ్మ లేదు. మొదట ర్యామ్: ఒక్క ముక్క, ఒక్కో స్లాటు మార్చి చూడండి. బయోస్ సెట్టింగులు చెరిగిన తర్వాత మొదటిసారి ఆన్ అవడానికి కొన్ని మిషన్లకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది, ముఖ్యంగా డీడీఆర్5 ఉన్నవాటికి. ఈలోగా బటన్ నొక్కి ఆపేయకండి. తర్వాత డిస్‌ప్లే కేబుల్.

బొమ్మ ఉంది, వెలుగు లేదు. బ్యాక్‌లైట్ కనెక్టరు మర్చిపోయారేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి బ్యాక్‌లైట్ ఫ్యూజు కొలవండి. బోర్డు మీద కనెక్టరు దగ్గర ఎఫ్ అక్షరంతో మొదలయ్యే చిన్న ముక్క అది.

కొత్తగా నిలువు గీత. ప్యానెల్ అంచు పట్టీకి దెబ్బ తగిలింది. ముందు కేబుల్ తీసి పెట్టి చూడండి. మారకపోతే ప్యానెలే మార్చాలి, దాన్ని నొక్కి బాగుచేస్తామనే మాటలు నమ్మకండి.

వైఫై బలహీనం. ఒక యాంటెనా బొత్తాం ఊడింది, లేదా నల్ల, తెల్ల వైర్లు తారుమారయ్యాయి.

ఫ్యాన్ పూర్తి వేగంతో మోగుతోంది. ఫ్యాన్ కనెక్టరు సరిగా దిగలేదు, లేదా హీట్‌సింక్ ఒక మూల లేచి ఉంది.

బిట్‌లాకర్ నీలం తెర. కస్టమర్ ఖాతాలో కీ తీసుకుని కొట్టండి. కీ దొరకకపోతే విండోస్ కొత్తగా ఎక్కించడానికి తొందరపడకండి. ఎక్కిస్తే ఆ డేటా ఇక రాదు. కస్టమర్ దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాకే ఆ పని.

ఒక స్క్రూ మిగిలింది. కవర్‌ను మళ్లీ తెరవండి. మిగిలింది బయటి స్క్రూ అయితే చోటు వెతికి బిగించొచ్చు. కానీ లోపల బోర్డు మీద దొర్లుతూ ఇంకొకటి ఉందేమో మిషన్‌ను మెల్లగా అటూ ఇటూ వంచి, చప్పుడు విన్నాకే అడాప్టర్ పెట్టండి.